పద్దెనిమిదీ ఎగిరాయి

జనవరి 22

అక్కకి,

నమస్కారాలు. బావగారికి కూడా చెప్పు. ఆయన పజిల్ లోంచి తల ఎత్తరని తెలుసు, అయినా నా వంతు నేను చెప్పాలి కదా.

ముందు నీ కుళాయి సంగతి. కారుతోందని గుడ్డ చుట్టానన్నావు. గుడ్డ చుడితే కారడం ఆగదు, కారుతున్న సంగతి కనబడడం ఆగుతుంది. లోపల వాషర్ అరిగిపోయి ఉంటుంది. మార్చాల్సింది అదొక్కటే. బావగారు ప్లంబర్ని పిలవనివ్వకపోతే ఆయన పడుకున్నప్పుడు పిలువు.

ఇక్కడ విశేషం ఏమిటంటే, పాప మా స్థావరానికే బదిలీ అయి వచ్చింది. ఇంట్లో నన్ను "నాన్నా" అంటుంది, హ్యాంగరులో "సార్" అంటుంది. మధ్యలో స్కూటరు మీద వచ్చేటప్పుడు ఏమనాలో తెలియక మాట్లాడకుండా కూర్చుంటుంది. వాళ్ళమ్మ ఉండి ఉంటే ఈ ముచ్చట చూసి నవ్వేది. ఫొటో పంపుతున్నాను.

పాప నడిపేది మా ముసలి యుద్ధవిమానాలనే. పద్దెనిమిది ఉన్నాయి. అవి కొన్నప్పుడు నాకు ఇంకా మీసం రాలేదు. వాటిలో ఒకదానికి మేం "సత్రం" అని పేరు పెట్టాం. ఏ విమానానికి ఏ భాగం కావాలన్నా దానిలోంచే విప్పుకుంటాం, అది ఎవరికీ లేదనదు. చక్రాలు పోయాయి, గేజీలు పోయాయి, ఇప్పుడు దుంగల మీద నిలబడి ఉంది. మా స్టోరు మేనేజరు దానికి రోజూ దుమ్ము దులిపిస్తాడు. ఎందుకయ్యా అంటే, లెక్కలో అదీ విమానమే కదండీ అంటాడు.

నా పని నీకు తెలుసుగా. ఎగరబోయే ప్రతి విమానాన్నీ పొద్దున్నే చూసి, పనికొస్తుందని సంతకం పెట్టాలి. నాదో నా సహాయకుడిదో సంతకం లేకుండా ఏదీ హ్యాంగరు గుమ్మం దాటదు. పనికిరాదని తేల్చిన భాగాన్ని మాత్రం మేం ఊరికే పారెయ్యం. ముందు రంపంతో రెండు ముక్కలు కోస్తాం, తరవాతే చెత్తలోకి. కొత్తగా చేరినవాళ్ళు ఇదేం చాదస్తం అనుకుంటారు. కొయ్యకుండా పారేస్తే, అవసరం ముంచుకొచ్చిన రోజున ఎవడో ఒకడు దాన్ని తుడిచి మళ్ళీ బిగించేస్తాడని నేను వాళ్ళకి చెబుతాను.

ఇన్నాళ్ళకి మావాళ్ళు కొత్త విమానాలు కొంటున్నారు. అమ్మేవాళ్ళు సిద్ధం, కొనేవాళ్ళు సిద్ధం. అయితే ఆ విమానంలో ఉండే ఇంజను మీ దేశంలో చేస్తారట. కాబట్టి మీవాళ్ళు కూడా సరేనంటే తప్ప బేరం కుదరదు. విమానం ఒకరిది, ఇంజను ఇంకొకరిది, మధ్యలో మేం. నువ్వేదో అనుమతుల ఆఫీసులో పనిచేస్తున్నావు కదా, నీళ్ళ పంపులకీ పాలు పితికే మిషన్లకీ ముద్ర గుద్దే చేత్తో మాక్కూడా ఒకటి గుద్దెయ్యకూడదూ?

ఇక్కడినుంచి విదేశాలకి ఫోన్ చెయ్యాలంటే మా స్థావరం పెద్దాయన అనుమతి కావాలి, కనుక ఉత్తరమే రాయి.

నీ తమ్ముడు
చంటి


ఫిబ్రవరి 11

చంటీ,

ఉత్తరం అందింది, ఫొటో అందింది. మన అమ్మ బిందె చంకన పెట్టుకుని నిలబడ్డట్టే పాప హెల్మెట్ చంకన పెట్టుకుని నిలబడింది. ఆ మెడ వంపు కూడా అమ్మదే. ఫ్రిజ్ మీద అంటించాను.

బావగారికి నీ నమస్కారం చెప్పాను. "ఆరక్షరాల మాట, మొండితనం" అన్నారు. అది పజిల్ లోదో నా గురించో అడగలేదు.

నువ్వు సరదాకి రాసిన మాట నాకు సరదాగా లేదు. నన్ను పోయిన ఏడాదే పంపుల విభాగం నుంచి విమానాల విభాగానికి మార్చారు. నీకు రాయలేదు, రాస్తే నువ్వు ఊరుకోవని తెలుసు. డిసెంబరులో ఒక ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. అట్ట మీద మీ దేశం పేరు చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. కొనే దేశపు సైన్యంలో చుట్టాలున్నవాళ్ళు ఆ ఫైలు ముట్టుకోకూడదని మా నియమం. తమ్ముడూ మేనకోడలూ ఉన్నారని రాసిచ్చి ఫైలు వెనక్కి ఇచ్చేశాను. ఇప్పుడది నా పక్క బల్ల ఆయన దగ్గరుంది. ఎండైనా వానైనా అదే గళ్ళకోటు వేసుకుని వస్తాడు. నెమ్మదస్తుడు. మా విభాగంలో అందరి పెన్సిళ్ళూ ఆయనే చెక్కి పెడతాడు.

ఇంకో నియమం ఉంది, ఇది జాగ్రత్తగా విను. ఇకమీదట నువ్వు నాకు రాసే ప్రతి ఉత్తరాన్నీ నేను ఆఫీసులో ఇవ్వాలి. మన భాష వచ్చినదాన్ని ఇక్కడ నేనొక్కదాన్నే కాబట్టి అనువాదం నేనే చెయ్యాలి. ఒక్క ముక్కా వదల్లేదని కింద సంతకం కూడా నేనే పెట్టాలి. అది చదివేది గళ్ళకోటాయన. నీ జనవరి ఉత్తరం అలాగే ఇచ్చాను. సత్రం అంటే ఏమిటని అడిగితే చెప్పాను.

కాబట్టి ఎండల గురించి రాయి, పాప గురించి రాయి, నా కుళాయి గురించి ఎంతైనా రాయి. విమానాల గురించి మాత్రం రాయకు.

నువ్వు చెప్పినట్టే ప్లంబర్ని పిలిచాను. వచ్చే నెల వస్తానన్నాడు. అందాకా గుడ్డే.

ఆశీస్సులతో
అక్క


మార్చి 5

అక్కకీ, గళ్ళకోటు గారికీ,

నమస్కారాలు.

అక్కా, కోప్పడకు. నువ్వు వద్దన్న పనే చేస్తున్నాను. ఈ ఉత్తరం ఇంకొకరు చదువుతారని నువ్వు రాసిన రోజు నాకు ఒళ్ళు మండింది. రెండు రోజులు ఆలోచించాక అనిపించింది, ఇంతకన్నా మంచి అవకాశం నాకు మళ్ళీ రాదని. మావాళ్ళు మీవాళ్ళతో మాట్లాడాలంటే పది గదులు దాటాలి. ఒక్కో గదిలో ఒక్కో అబద్ధం చేరుతుంది. నా ఉత్తరం మాత్రం తిన్నగా ఫైలు పట్టుకున్న మనిషి చేతికే వెళుతుంది.

గళ్ళకోటు గారూ, నేను రాజకీయం తెలిసినవాణ్ణి కాదు, నట్లు బిగించేవాణ్ణి. మాకున్నవి పద్దెనిమిది. ఇవాళ పొద్దున్న వాటిలో ఎగరగలిగినవి ఏడు. నిన్నా ఏడే, కాకపోతే వేరే ఏడు. దీనిలోది తీసి దానికి, దానిలోది తీసి దీనికి పెడుతూ నెట్టుకొస్తున్నాం. ప్రమాదం వస్తే పైలటును సీటుతో సహా పైకి విసిరెయ్యడానికి సీటు కింద మందుగుండు ఉంటుంది. మా విమానాల్లో చాలావాటికి ఆ మందుగుండు గడువు తీరిపోయింది. కొత్తది చేసేవాళ్ళు లేరు. పైనుంచి ఒక కాయితం వచ్చింది, గడువు ఇంకో ఏడాది పొడిగించామని. కాయితం చూసి మందుగుండు తన వయసు మార్చుకుంటుందా చెప్పండి.

మీరు ఈ ఇంజన్ల మీద ఏవేవో లెక్కలు వేస్తారని నాకు తెలుసు. మేం ఎవరి పక్కన కూర్చుంటాం, ఎవరి దగ్గర రాడార్లు కొంటాం, తూర్పు సరిహద్దు అవతలివాళ్ళు ఏమనుకుంటారు, ఇవన్నీ చూస్తారు. చూడండి, తప్పులేదు. కానీ మా పైలట్లు చావడానికి యుద్ధమేమీ రానక్కర్లేదు. మామూలు మంగళవారం చాలు. వాళ్ళలో ఒకమ్మాయి మా పాప. నాకున్నది అదొక్కతే.

పాప విమానానికి నేను సంతకం పెట్టను. నా సహాయకుడి చేత చూపించి అతని చేతే పెట్టిస్తాను. తండ్రిననే మొహమాటంతో కాదు, నేనైతే ఏ రోజూ పెట్టలేనని.

ఇంతే. అక్కా, ఒక్క ముక్క వదలకుండా అనువదించు.

నీ చంటి

మీ ప్లంబరు రాడు. వాషర్ కొలత పంపు, నేనే ఇక్కడ కోసి పంపుతాను.


మార్చి 28

చంటీ,

వద్దని అంత వివరంగా రాస్తే నీకు ఉత్సాహం వచ్చింది. చిన్నప్పుడూ ఇంతే, పొయ్యి దగ్గరికి వెళ్ళకురా అంటే అటే నడిచేవాడివి.

నీ ఉత్తరం చదివి బీరువాలో బట్టల కింద పెట్టాను. నాలుగు రోజులు అక్కడే ఉంది. ఆఫీసుకు వెళ్ళేటప్పుడల్లా బీరువా వైపు చూసేదాన్ని. నీ ఏడు విమానాల పేరా ఒక్కటీ వదిలేసి మిగతాది అనువదిద్దామని కూడా అనుకున్నాను. బావగారిని అడిగితే, "వదిలితే ఎవరికి తెలుస్తుంది?" అన్నారు. ఎవరికీ తెలియదనే నాకు ఇబ్బంది అయింది. కింద సంతకం పెట్టేది నేను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో చదివింది ఒకటీ రాసింది ఒకటీ ఎప్పుడూ చెయ్యలేదు.

ఇంకో కారణం కూడా ఉంది, దాచను. అది చదివితే గళ్ళకోటాయన మనసు కరుగుతుందని నాకూ ఆశ పుట్టింది.

ఆయన నిలబడే చదివాడు. చదివాక, "మీ తమ్ముడు బాగా రాస్తారు" అన్నాడు. తన ఫ్లాస్కులోంచి నాకు టీ పోసిచ్చాడు. ఎవరికీ పొయ్యడు, ఆ ఫ్లాస్కు ఆయన ప్రాణం. పాప వయసెంత అని అడిగాడు. "రోజుకు ఏడు అన్నారు, అందులో అతిశయోక్తి ఏమీ ఉండదా?" అని అడిగాడు. మా తమ్ముడు కబుర్లలో గోరంతలు కొండంతలు చేస్తాడు గానీ విమానాల విషయంలో చెయ్యడని చెప్పాను.

మర్నాడు చూస్తే ఫైలు ఆయన ట్రేలో లేదు. పై అంతస్తుకు వెళ్ళిందట. మామూలుగా అయితే ఆ మెట్లు ఎక్కడానికి ఫైలుకి ఆరునెలలు పడుతుంది. నీ మాట పనిచేసినట్టే ఉందిరా. నేను తిట్టాల్సినదాన్ని, తిట్టలేకపోతున్నాను.

వాషర్ కొలత తీయడానికి బావగారు స్కేలు పట్టుకుని సింకు కింద దూరారు. నడుం పట్టేసింది. కొలత రాలేదు.

ఆశీస్సులతో
అక్క


మే 9

అక్కకి,

ఇక్కడ ఎండలు ముదిరాయి. నా ఆరోగ్యం బాగుంది. పాప ఆరోగ్యం బాగుంది.

విమానాల గురించి రాయకూడదన్నావు. పేపర్లో అచ్చయినవి రాయవచ్చనుకుంటాను. పోయిన నెల బేరం మాట్లాడడానికి వచ్చిన మీవాళ్ళు కొత్త షరతులు తెచ్చారు. మీ ఇంజనును మేం విప్పకూడదట, తుడవాలన్నా మీ దేశానికే పంపాలట. తూర్పు సరిహద్దు వైపు ఎగరాలంటే ముందు మిమ్మల్ని అడగాలట. మీకు గిట్టనివాళ్ళ దగ్గర మావాళ్ళు కొంటున్న రాడార్లు మానుకోవాలట. జనవరిలో ఈ షరతులు ఒక్కటీ లేవు.

ఇంకొకటి పేపర్లో రాలేదు. కానీ అన్నది మీవాళ్ళే కాబట్టి మీవాళ్ళు చదివితే నష్టం లేదు. ఈ షరతులకు ఒప్పుకునేది లేదని మావాళ్ళు లేచి నిలబడ్డారట. మీ పెద్దమనిషి గ్లాసులో నీళ్ళు పోసుకుంటూ, "ఏడింటితో ఎన్నాళ్ళు నెట్టుకొస్తారు? కూర్చోండి" అన్నాడట. మావాళ్ళు కూర్చున్నారు.

ఆ అంకె మా స్థావరం దాటి బయటికి పోకూడనిది. నేను ఈ ప్రపంచంలో నీకొక్కదానికే రాశాను. నువ్వు వద్దంటున్నా రాశాను, అది నా బుద్ధితక్కువ. కానీ ఆ పేరా వదిలేద్దామని నీకు తోచిందన్నావు చూడు, అది చదివినప్పటినుంచీ నాకు నిద్ర సరిగ్గా లేదు. వదిలేసి ఉంటే పోయేది. నువ్వు అక్కవనుకుని రాశాను, ఆయన మనిషనుకుని రాశాను. రెండు చోట్లా నాకు ఆఫీసే ఎదురైంది.

ఇకమీదట ఎండల గురించే రాస్తాను.

తమ్ముడు


మే 26

చంటీ,

రాయొద్దన్నాను, రాశావు. ఇవ్వాలన్నాను, ఇచ్చాను. ఇందులో నేను నిన్ను మోసం చేసింది ఎక్కడో నాకు అర్థం కాలేదు. అయినా నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. దాన్నీ అనువదించి ఇచ్చాను, నన్ను తిట్టిన వాక్యాలతో సహా.

గళ్ళకోటాయన్ని అడిగాను. నా తమ్ముడు మిమ్మల్ని మనిషనుకుని రాశాడు, మీరిలా చేశారేమిటని అడిగాను. ఆయన పెన్సిల్ చెక్కడం ఆపి, "నమ్మాను కాబట్టే పైకి పంపానండీ. నమ్మకపోతే పక్కన పడేసేవాణ్ణి" అన్నాడు. ఆయన మొహంలో నన్ను దెప్పే ఉద్దేశమేమీ లేదు. నిజంగానే నీకు సాయం చేశాననుకుంటున్నాడు. ఆయన పైకి పంపాడు, పైవాళ్ళు వాడుకున్నారు. ఎవరి పని వాళ్ళు చేశారు.

ఇక్కడి పేపర్లో ఒక వార్త వచ్చింది. వచ్చే నెల మా బృందం మళ్ళీ మీ రాజధానికి వస్తోందట. వాళ్ళ ఎదుట మైదానం మీదుగా మీ పద్దెనిమిది విమానాలూ ఎగురుతాయట, ఏడే ఉన్నాయన్నది వట్టి పుకారని మీ మంత్రి అన్నాడట. మా ఆఫీసులో అది చదివి అందరూ నా వైపు చూశారు.

చంటీ, దీనికి నువ్వు జవాబు రాయకు. రాస్తే నేను ఇవ్వాలి. ఒక్కటి మాత్రం చెబుతున్నాను, అక్కగా చెబుతున్నాను. మంత్రి కోసమో, నీ పొరపాటు దిద్దుకోవడం కోసమో, పాపని ఆ సత్రంలో ఎక్కించకు.

అక్క


జూన్ 20

గౌరవనీయులైన అక్కగారికి,

ఇక్కడ వర్షాలు మొదలయ్యాయి. మేమందరం క్షేమం.

నిన్న మైదానం మీదుగా జరిగిన ప్రదర్శనలో పద్దెనిమిది విమానాలూ ఎగిరాయి. అన్నీ క్షేమంగా దిగాయి. ఎగిరిన ప్రతి విమానానికీ ముందుగా నేనే స్వయంగా పరీక్షించి సంతకం చేశాను. పాప విమానానికి కూడా.

మార్చిలో నేను రాసినది ఒక చెడ్డ రోజున రాసినది.

ఈ ఉత్తరాన్ని మీ ఆఫీసులో ఇవ్వగలరు.

ఇట్లు
మీ తమ్ముడు


జూలై 14

చంటీ,

నేను వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. నువ్వు దీనికి రాసే జవాబు నేను తప్ప ఎవరూ చదవరు. ఉద్యోగం మానేశాను. ఇంకా రెండేళ్ళు ఉంది, అయినా మానేశాను.

నీ జూన్ ఉత్తరం ఇచ్చిన మర్నాడు నన్ను పై అంతస్తుకు పిలిచారు. అంత పెద్ద గదిలోకి నేను వెళ్ళడం అదే మొదలు. ముగ్గురు కూర్చున్నారు, మూలగా గళ్ళకోటాయన నిలబడ్డాడు. ఒకామె నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి, మార్చిలో ఏడన్నారు, జూన్‌లో పద్దెనిమిదన్నారు, మావాళ్ళు కూడా మైదానంలో పద్దెనిమిదే లెక్కపెట్టారు, మీ తమ్ముడు అబద్ధం రాసే మనిషా అని అడిగింది.

నేను వెంటనే చెప్పాను. చిన్నప్పుడు పక్కింటివాళ్ళ కిటికీ అద్దం పగలగొట్టి, ఎవరూ అడక్కముందే తనంతట తనే వెళ్ళి చెప్పి దెబ్బలు తిన్నాడు, వాడు అబద్ధం ఆడడు అన్నాను. ఆమె రాసుకుంది. మార్చిలో నిజంగానే చెడ్డ రోజేమో, తరవాత బాగుచేసుకుని ఉంటారు అని వాళ్ళలో వాళ్ళు అనుకున్నారు. షరతులు కొన్ని సడలించాల్సి వస్తుందని కూడా ఒకాయన అన్నాడు.

కిందికి వస్తుంటే మెట్ల మీద నాకు సంగతి తట్టింది. నువ్వు అబద్ధం ఆడవని చెప్పి వచ్చాను కదా. మరైతే నువ్వు సత్రానికి సంతకం పెట్టావు. చక్రాల్లేని దానికి ఎవరి చక్రాలో తగిలించి, దాన్ని ఎవరి పిల్లకో ఇచ్చావు. నువ్వు రాసింది నిజమైతే నువ్వు నాకు తెలిసిన చంటివి కావు. అబద్ధమైతే, ఆ గదిలో నేను చెప్పింది అబద్ధం. ఏది అయి ఉండాలని కోరుకోవాలో కూడా నాకు తెలియలేదు.

నిన్ను అడుగుదామంటే, నువ్వు చెప్పేది మళ్ళీ వాళ్ళకి ఇవ్వాలి. ఆ కుర్చీలో కూర్చుని నా తమ్ముణ్ణి నేను ఒక్క ప్రశ్న అడగలేను. అందుకని కుర్చీ వదిలేశాను. గళ్ళకోటాయన గేటు దాకా వచ్చి, చెక్కిన పెన్సిళ్ళు ఒక కట్ట ఇచ్చాడు.

ఇప్పుడు అడుగుతున్నాను. పాప ఏ విమానం ఎక్కింది?

అక్క

కుళాయికి గుడ్డ విప్పేశాను. కారుతోంది.


ఆగస్టు 18

అక్కకి,

నమస్కారాలు.

పాప మూడో నంబరు విమానం ఎక్కింది. మా దగ్గర ఉన్నవాటిలో అన్నిటికన్నా మంచిది, సీటు కింద మందుగుండు గడువు దాటనిది. దానికి నేనే సంతకం పెట్టాను. జీవితంలో మొదటిసారి కూతురి విమానానికి సంతకం పెట్టి, అది దిగేదాకా రన్‌వే పక్కనే నిలబడ్డాను. సత్రం ఆ రోజంతా టార్పాలిన్ కింద పడుకునే ఉంది.

ఎగిరినవి తొమ్మిది. నెలరోజులు మా కుర్రాళ్ళు ఒళ్ళు దాచుకోకుండా పనిచేస్తే ఏడు తొమ్మిదయ్యాయి. పెద్దాయన నన్ను పిలిచి పద్దెనిమిదికీ సంతకం పెట్టమన్నాడు. ఆ ఏడు అనే అంకె బయటికి పోయింది నా ఉత్తరంలోంచేనని చెప్పాను. స్టోరు మేనేజరును అప్పటికే అనుమానంతో రెండుసార్లు పిలిచి అడిగారు, ఇంక ఊరుకుంటే బావుండదనిపించింది. పెద్దాయన తలుపు మూసి, దాని సంగతి తరవాత, ముందు సంతకం పెట్టు అన్నాడు. తొమ్మిదికి మించి పెట్టనన్నాను. ఆయన, "తొమ్మిదే రెండుసార్లు ఎగిరితే?" అన్నాడు.

అలాగే చేశాం. తొమ్మిదీ మైదానం మీదుగా వెళ్ళాయి, కొండ వెనక తిరిగి, బారు మార్చుకుని మళ్ళీ వచ్చాయి. తల మీంచి దూసుకుపోతుంటే తోక మీది అంకె ఎవరికి కనబడుతుంది? పాప మొదటిసారి అందరికన్నా ముందుంది, రెండోసారి అందరికన్నా వెనక. మీవాళ్ళు పద్దెనిమిది లెక్కపెట్టుకుని వెళ్ళారు. మా కుర్రాళ్ళు హ్యాంగరులో డాన్సు చేశారు. నేనూ నవ్వాను, అబద్ధం ఎందుకు. అదే నవ్వుతో కూర్చుని నీకు ఆ ఉత్తరం రాశాను. ఎగిరిన ప్రతిదానికీ సంతకం చేశానన్నది నిజం. పద్దెనిమిది అన్నది అబద్ధం. నీ చేత అనువదింపజేస్తే వాళ్ళు నమ్ముతారని తెలిసే రాశాను. నువ్వు నన్ను ఆఫీసుకి అప్పజెప్పావని అలిగినవాణ్ణి, నేను చేసింది అంతకన్నా చెడ్డ పని. నీ ఉద్యోగం పోతుందని మాత్రం అనుకోలేదు. నన్ను తిట్టు.

ఇప్పుడు అసలు సంగతి విను. మీవాళ్ళు నిజంగానే షరతులు సడలించారు. రాడార్ల మాట ఎత్తడం మానేశారు. సంతకాలు అవుతాయనుకుంటుండగా మా ఆర్థికశాఖవాళ్ళు అడ్డుపడ్డారు. పద్దెనిమిదీ దివ్యంగా ఎగరడం దేశమంతా చూసింది, ఇప్పుడు కొత్తవి ఎందుకంత తొందర అన్నారు. ఎగిరినవి తొమ్మిదేనని వాళ్ళకి చెప్పడానికి మా మంత్రికి నోరు లేదు, పుకారన్నది ఆయనే. కొనడం అయిదేళ్ళు వాయిదా వేశారు. ఉన్నవాటితోనే పద్దెనిమిదింటి పనీ చెయ్యమని మా స్థావరానికి ఉత్తర్వు వచ్చింది. సత్రానికి చక్రాలు వచ్చాయి, గేజీలు వచ్చాయి. వచ్చే సోమవారం దాన్ని ఎగరెయ్యాలన్నారు. నడిపేవాళ్ళ జాబితాలో పేరు చూస్తే పాపది.

నేను సంతకం పెట్టనని వాళ్ళకి తెలుసు. నన్ను శిక్షణ కేంద్రానికి పంపి, నా సహాయకుడి చేత పెట్టిద్దామని చూశారు. అతను మంచివాడు, ముగ్గురు పిల్లలవాడు, వద్దనలేడు. నా బదిలీ కాయితం శుక్రవారం వస్తుందని స్టోరు మేనేజరు చెవిలో వేశాడు. ఇవాళ గురువారం.

ఇవాళ వరకూ హ్యాంగరు నాదే కాబట్టి, సత్రాన్ని పూర్తిగా చూసి, ఇక ఎన్నటికీ పనికిరాదని రాశాను. పనికిరాదని తేల్చినదాన్ని మేం ఊరికే వదలం, నీకు రాశాను కదా. రెండు రెక్కల్నీ మోసే దూలం ఒకటి ఉంటుంది. అది తెగితే మంత్రి వచ్చి నిలబడినా అతకదు. టార్పాలిన్ తీయించి, రంపం తెప్పించాను. అవతలి కొస ఎవరు పడతారని అడిగితే నా సహాయకుడు ముందుకొచ్చాడు. చివరిదాకా పట్టు వదల్లేదు. పాప హెల్మెట్ చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడి చూసింది. అయిపోయాక "నాన్నా" అంది. హ్యాంగరులో అలా పిలవడం అదే మొదలు.

పెద్దాయన రేపు సంజాయిషీ అడుగుతాడు. సంజాయిషీతో ఆగుతుందో ఉద్యోగం దాకా వెళుతుందో తెలియదు. మన ఇద్దరిలో ఒకరికైనా పింఛను వస్తుందని బావగారితో చెప్పకు, ఎవరికీ రాకపోవచ్చు. కవర్లో మూడు కొలతల వాషర్లు పెట్టాను, ఏదో ఒకటి పడుతుంది. పట్టించేది నువ్వే, ఆయన్ని సింకు కింద దూరనివ్వకు.

వాడు అబద్ధం ఆడడని నువ్వు ఆ పెద్ద గదిలో నా గురించి ఒక మాట చెప్పి వచ్చావు. నువ్వు చెప్పిన రోజున అది అబద్ధం. ఇవాళ మధ్యాహ్నం దూలం తెగి, సత్రం రెక్క నేలకు ఆనేసరికి, అది నిజమైంది.

నీ తమ్ముడు
చంటి